తుపాకీ హక్కు - ప్రజల అదుపు

(మన సంఘ సర్వసభ్య సమావేశమున వర్తక సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠము)



మేము పండితులము కాము. మెట్రిక్యులేషను వరకు చదివి, అటుపిమ్మట అంగడిలో తరాజు పట్టుకొన్నవారము. అందుచేత నేటి విషయమును న్యాయవాదులవలె వాదింపజాలము. వర్తకుడు లెక్క చూచుకొనునట్లు జమ ఒక ప్రక్కను, ఖర్చు ఒక ప్రక్కను వ్రాసి మీ ముందుంచెదము. తూకము మీరే చూచుకొనవలెను.

సంఘమునకు రెండు అర్జీలు వచ్చియున్నవి. అడవిపందుల బారినుండి వేరుసెనగ పంటను కాపాడుకొనుటకు తుపాకీ లైసెన్సులు సులభముగా ఇప్పింపవలెనని రైతులు వ్రాసియున్నారు. సంతలకు రొక్కము తీసికొనిపోవు తమకు పిస్తోలు లైసెన్సులు కావలెనని వర్తక యువకులు కొందరు వ్రాసియున్నారు. వీనికి తోడు మరియొక మాట కూడ వినవచ్చుచున్నది. ఆయుధముల చట్టమును ఇంకను కఠినము చేయవలెనను రాజకీయనాయకులు పౌరుల హక్కును హరించువారనియు, అట్టివారికి వోటు వేయరాదని సంఘము తీర్మానింపవలెననియు ఆ యువకులు కోరుచున్నారు.

మా అభిప్రాయమును ముందే చెప్పివేసెదము. రైతుల అర్జీ న్యాయమైనది, దానిని బలపరుపవలెను. పిస్తోళ్ళ అర్జీని సంఘము పంపరాదు. నాయకులను గూర్చిన తీర్మానము అసలే కూడదు. చట్టము కఠినముగా ఉండనిండు. అది బీదరైతునకును పెద్దమనిషికిని ఒక్కటే తూకపురాయి కావలెను. మనము అడుగవలసినది ఇంతమాత్రమే. ఇందులకు కారణములను క్రమముగా మనవి చేసెదము.

మొదట రైతు సంగతి. వానను నమ్ముకొని వేరుసెనగ వేయువాని కష్టము తెలియనివారు ఈ సభలో లేరు. విత్తనము అప్పు, ఎరువు అప్పు. కాయ ఊరు వేళకు కొండదిక్కునుండి అడవిపందులు మందగా దిగి, ఒక్క రాత్రిలో చేనెల్ల త్రవ్విపోవును. మంచెమీద కూర్చుండి డబ్బా వాయించి వాయించి విసిగిన రైతు, 'నాకొక తుపాకి యుండిన బాగుండునే' అని తలచుటలో తప్పేమున్నది?

1962 అక్టోబరు 1 నుండి అమలునకు వచ్చిన 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము ఆ రైతును మరచిపోలేదు. దాని 13వ సెక్షనులో పంటల రక్షణ కొరకు మందు దట్టి కాల్చు తుపాకికి లైసెన్సు ఇచ్చు మార్గము చూపబడినది. 14వ సెక్షనులో మరి రెండు మాటలు కలవు. అడిగినవానికి చాలినంత ఆస్తి లేదన్న ఒక్క కారణముచేత లైసెన్సు నిరాకరింపరాదు. నిరాకరించినచో అధికారి కారణములను వ్రాసి యుంచవలెను. ప్రజాహితమునకు భంగము లేనంతవరకు, అడిగినవానికి వానిని తెలుపవలెను. పై అధికారికి అప్పీలు చేసికొను దారిని 18వ సెక్షను చూపుచున్నది. సోదరులారా, ఈ మాటలను మనలో ఎందరు విని యున్నారు? చట్టము కఠినమని నిందించుటకు ముందు, ఆ చట్టమే మనకిచ్చిన దానిని మనము అడిగితిమా అని చూచుకొనవలెను.

అయితే లైసెన్సు చేతికి వచ్చినంతమాత్రమున పందిని కొట్టవచ్చునని తలంపరాదు. తుపాకి అనుమతి వేరు, వేట అనుమతి వేరు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అడవిపందిని చంపుటకు ప్రత్యేకముగా అనుమతి ఉండవలెను. బెదరించుటకు ప్రేల్చుట ఒకటి, చంపుట ఒకటి. ఈ భేదము తెలియక కేసులలో చిక్కుకొన్న రైతునకు ఆ సంవత్సరపు పంటకంటె వకీలు ఖర్చే ఎక్కువగును. ఇక పిండిలో మందుగుండు పెట్టి గట్టుమీద వదలు పాడు పద్ధతియు కొన్నిచోట్ల కలదు. దానిని పంది కొరుకునో లేదో గాని, మేతకు పోయిన ఆవు కొరికినచో దవడ పగిలి చచ్చును. పిల్లవాడు ముట్టినచో చేయి పోవును. ఇట్టిదానిని మన సంఘము ఎన్నడును సమర్థింపరాదు.

ఇప్పుడు హక్కు మాట. ఆయుధము ధరించుట పౌరుని జన్మహక్కనియు, గాంధీమహాత్ముడే అట్లు చెప్పెననియు మన యువకులు వాదించుచున్నారు. వారు చదివినది అబద్ధము కాదు, సగము నిజము. మిగిలిన సగమును కూడ విందము.

1878లో లిట్టను ప్రభువు వైస్రాయిగా ఉన్నకాలమున రెండు చట్టములు పుట్టినవి. ఒకటి దేశభాషా పత్రికల నోరు నొక్కునది. రెండవది భారతీయులకు ఆయుధములు లేకుండ జేయునది. తెల్లవారికి లైసెన్సు అక్కరలేదు, నల్లవానికి కావలెను. ఆయుధముల చట్టముపై నాటి పెద్దలకు కలిగిన కోపమునకు మూలము ఈ వివక్షతయే. భాషా పత్రికల చట్టమును 1882లో రిప్పను ప్రభువు రద్దుచేసెను. ఆయుధముల చట్టము మాత్రము నిలిచిపోయెను.

జాతినంతను నిరాయుధము చేసిన చట్టము బ్రిటిషువారి దుష్కృత్యములలో అతి నల్లనిదని గాంధీజీ వ్రాసిన మాట నిజమే. అయితే అది 1918లో యువకులను సైన్యమునందు చేరుడని కోరుచు వెలువరించిన కరపత్రములోనిది. 1930 జనవరిలో ప్రభుత్వము ముందుంచిన పదునొకండు కోరికలలో, ఉప్పుపన్ను రద్దుతోపాటు, ఆత్మరక్షణకై తుపాకులకు లైసెన్సులు ఇయ్యవలెనన్నదియు ఒకటి. కాని దానికి ఆయన ఒక షరతు చేర్చెను. ఆ లైసెన్సులు ప్రజల అదుపునకు లోబడి యుండవలెను. 1931లో కరాచీ కాంగ్రెసు చేసిన తీర్మానములో కూడ ఆయుధము ధరించు హక్కు నియమములకు లోబడియే చెప్పబడినది. లైసెన్సు తీసివేయుడని గాంధీజీ అడుగలేదు. లైసెన్సు ఎవరి చేతిలో ఉండవలెనన్నదే ఆయన ప్రశ్న.

1948 జనవరి 30న ఆ మహాత్ముని ప్రాణము తీసినది ఒక పిస్తోలు. పది నెలలు గడచిన పిమ్మట, 1948 డిసెంబరులో, రాజ్యాంగసభలో హెచ్. వి. కామతుగారు ఆయుధము ధరించు హక్కును ప్రాథమిక హక్కులలో చేర్చవలెనని సవరణ తెచ్చిరి. ఆయనయు చట్టనియమములకు లోబడియే యని వ్రాసిరి. డాక్టరు అంబేద్కరుగారు అంగీకరింపలేదు. విదేశీయుడు జాతిని నిరాయుధము చేసిన నాటి పరిస్థితి వేరు, స్వరాజ్యములోని పరిస్థితి వేరని వారి అభిప్రాయము. ప్రతివాడును హక్కుగా అడుగుటకు వీలు కలిగినచో నేరమే వృత్తిగా గలవాడును అడుగునుగదా అని వారు ప్రశ్నించిరి. సవరణ వీగిపోయెను. ఆయుధములు, మందుగుండు విషయము కేంద్ర జాబితాలో చేరినది. కాబట్టి మన దేశమున తుపాకి ప్రాథమిక హక్కు కాదు. చట్టము ఇచ్చు అనుమతి. ఆ అనుమతిని కోరుటకును, న్యాయముగా విచారింపబడుటకును మాత్రము మనకు హక్కు కలదు.

'మరి కొడగువారికి లైసెన్సు అక్కరలేదే?' అని అడుగుదురు. నిజమే. కొడవజాతి వారికిని, జమ్మా భూములు గలవారికిని బ్రిటిషు కాలమునుండి మినహాయింపు ఉన్నది. దానిని కేంద్రప్రభుత్వము 2019లో మరల పొడిగించి, 2029 అక్టోబరు వరకు గడువు పెట్టినది. 2021లో కర్ణాటక హైకోర్టు దానిని సమర్థించినది. అదియు గడువుతో, షరతులతో కూడిన మినహాయింపే గాని శాశ్వత హక్కు కాదు. పొరుగువాని ఇంటిలో తరతరాల ఆచారముగా ఉన్న వస్తువును చూచి, అది మన యింట కూడ ఉండవలెనని పట్టుపట్టుట వర్తకధర్మము కాదు. దాని వెల ఎంతయో ముందు అడుగవలెను.

ఆ వెల తెలియవలెనన్నచో అమెరికావైపు చూడుడు. అక్కడ 1791లోనే ఆయుధము ధరించు హక్కును రాజ్యాంగమున చేర్చుకొనిరి. నేడు మన తెలుగుబిడ్డలు వేలకొలది అచ్చట చదువుకొనుచు, ఉద్యోగములు చేయుచు ఉన్నారు. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రములోని ఓలేత్ పట్టణమున, పని ముగించుకొని మిత్రునితో కూర్చున్న తెలుగు ఇంజనీరును ఒక జాతివిద్వేషి కాల్చిచంపెను. 2023 మే 6న టెక్సాస్ రాష్ట్రములోని అలెన్ పట్టణమున ఒక దుకాణసముదాయములో దుండగుడు ఎనిమిదిమందిని చంపెను. వారిలో ఒక తెలుగు యువతి కలదు. ఆ పిల్లలు ఏ తగవునకును పోలేదు. హక్కు గలచోట కూడ హక్కుకు గట్టు లేకపోయినచో, దెబ్బ దారినపోవువానికి తగులును.

కఠిన నియమములను కోరు నాయకులు హక్కును హరించువారా? గాబ్రియెల్ గిఫర్డ్స్ అను అమెరికా ప్రతినిధి సంగతి వినుడు. ఆమె తుపాకీ హక్కును కాదన్న మనిషి కాదు. 2011 జనవరి 8న టూసాన్ నగరమున ప్రజలతో మాటలాడుచుండగా ఒకడు ఆమె తలలోనికి కాల్చెను, ఆరుగురు మరణించిరి. బ్రతికి బయటపడిన ఆమె, తుపాకి కొనువాని పూర్వచరిత్రను విచారింపుడని కోరుచు ఉద్యమము నడపుచున్నది. హైదరాబాదులో జన్మించిన అరుణా మిల్లరుగారు 2023 జనవరిలో మేరీలాండ్ రాష్ట్రమునకు లెఫ్టినెంటు గవర్నరు అయిరి. ఆ సంవత్సరము మే నెలలోనే ఆ ప్రభుత్వము తుపాకులు ధరించి తిరుగుటపై కఠిననియమములు గల చట్టమును చేసెను. తుపాకి హక్కును 2008లో గట్టిగా నిలబెట్టిన అమెరికా సుప్రీంకోర్టు కూడ, ఆ హక్కునకు హద్దులు లేకపోలేదని అదే తీర్పులో చెప్పియున్నది. హద్దు వేయువాడు భూమిని దొంగిలించుటలేదు. హద్దు లేని పొలమునందే తగవులు పుట్టును.

మన దేశమున 2019 డిసెంబరులో పార్లమెంటు చట్టమును సవరించి, ఒక్కొక్కరు ఉంచుకొనదగిన తుపాకులను మూడునుండి రెండునకు తగ్గించినది. మొదట ఒక్కటే యుండవలెనని ప్రతిపాదించి, అభ్యంతరములు రాగా రెండు చేసిరి. లైసెన్సు గడువును మాత్రము మూడేండ్లనుండి అయిదేండ్లకు పెంచిరి. పెండ్లిండ్లలో ఉత్సాహమునకై నిర్లక్ష్యముగా కాల్చువానికి రెండేండ్ల వరకు ఖైదు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. ఇందులో మన రైతునకు కలిగిన నష్టమేమి? ఒక్క తుపాకికే దిక్కులేనివానికి రెండవదియా, మూడవదియా అను చర్చ ఎందులకు?

ఇంకొక అభ్యంతరము బలమైనదే. చట్టము మంచివానినే కట్టివేయును, దొంగతుపాకి గలవానిని కట్టదు అని యందురు. మన తాలూకా ఈ బాధను ఎరుగనిది కాదు. 2005 ఫిబ్రవరి 10 రాత్రి వెంకటమ్మనహళ్ళిలో రాష్ట్ర రిజర్వు పోలీసుల శిబిరముపై మావోయిస్టులు దాడిచేసి పోలీసులను చంపిరి. పోలీసు కాని మనిషియు బలియయ్యెను. సరిహద్దునకు ఆవల ముఠాకక్షలలో నాటుబాంబులు ఎన్ని సంసారములను కూల్చినవో మన బంధువర్గములకు తెలియును. వానిలో దేనికిని లైసెన్సు లేదు. అయితే దీనినుండి మనము నేర్వవలసినదేమి? వెంకటమ్మనహళ్ళిలో శిక్షణ గల పోలీసులకే, ఆయుధములు ఉండియు, ప్రాణరక్షణ కలుగలేదు. పెట్టెలో పిస్తోలు పెట్టుకొన్న బట్టలకొట్టువానికి కలుగునా? దొంగ ఆయుధమునకు మందు, దానిని వెదకి పట్టుకొనుటయే. పట్టుబడినవాడు మన కులమువాడు, మన పార్టీవాడు అని పోలీసుస్టేషనుకు సిఫారసుకు పోకుండుట మన వంతు. ఈ చివరి మాటయే మనకు కష్టమైనది.

ఇక వర్తక మిత్రులతో నాలుగు మాటలు. మన తూకపురాళ్ళకు, కాటాలకు ప్రభుత్వపు ముద్ర వేయించుకొనుచున్నాము. దీపావళికి టపాకాయలు అమ్మవలెనన్న లైసెన్సు తెచ్చుకొనుచున్నాము. మా వ్యాపారహక్కు పోయెనని ఎవరైన ఏడ్చితిరా? తక్కువ తూచువాడొకడు ఉన్నందున ముద్ర పుట్టినది. ఆ ముద్రవలననే నిజాయితీగలవానికి బజారులో గౌరవము నిలిచినది. తుపాకి లైసెన్సును కూడ అట్లే చూడవలెను.

రొక్కముతో పోవు వర్తకునిమీద పడు దొంగ ఒంటరిగా రాడు, చెప్పి రాడు. మన చేయి పెట్టెలోనికి పోవులోపల వాని పని ముగియును. పిస్తోలు కూడ వానికి అదనపు లాభమగును. అంతేకాదు, మన తాలూకాను ఆంధ్రప్రదేశము చుట్టియున్నది. లైసెన్సులో ఏ ప్రాంతమునకు అనుమతి వ్రాయబడినదో అంతవరకే అది చెల్లును. మడకశిర, హిందూపురము సంతకు పోవువాడు ఆ సంగతి మరచి సరిహద్దు దాటినచో తానే ముద్దాయి యగును. ఇంటిలో పిల్లలు, కోపము, త్రాగుడు ఉన్నచోట ఆ వస్తువు ఏ రాత్రి ఎవరిమీదికి తిరుగునో చెప్పజాలము. రొక్కము తగ్గించి బ్యాంకుద్వారా చెల్లింపులు చేయుట, ఇద్దరు ముగ్గురు కలిసి పోవుట, బజారులో రాత్రి గస్తీకి చందా వేసికొనుట ఇంతకంటె చవుక.

నాయకులను గూర్చి కూడ ఒక మాట చెప్పక తప్పదు. ముందు ఇద్దరు, వెనుక ఇద్దరు గన్‌మెన్ నడువగా, వేదికనెక్కి 'పౌరులకు తుపాకులెందుకు?' అను నాయకుని మాట చెవికెక్కదు. నిజముగా ప్రాణభయము గలవానికి రక్షణ ఇయ్యవలసినదే. కాని గొప్పకొరకు పోలీసులను వెంట త్రిప్పుకొనుట ప్రజాధనమునకు నష్టము, చట్టమునకు అపహాస్యము. కఠినచట్టమును కోరు నాయకుని మనము ఓడింపనక్కరలేదు. ఆ కాఠిన్యమును తన గుమ్మమునుండి మొదలుపెట్టుమని అడిగిన చాలును.

ఆయుధము లేనివానికి బలము లేదని తలంపకుడు. ఇక్కడికి దగ్గరలోనే విదురాశ్వత్థమున్నది. 1938 ఏప్రిల్ 25న అచ్చట జెండా ఎగురవేయుటకు గుమికూడిన నిరాయుధ ప్రజలపై మైసూరు పోలీసులు కాల్పులు జరిపిరి, పలువురు నేలకొరిగిరి. వారి చేతిలో ఉన్నది గుడ్డజెండా ఒక్కటే. సర్దారు పటేలు, కృపలానీ గారలు వచ్చిరి. మరుసటి నెలలోనే దివాను మీర్జా ఇస్మాయిలుగారు ఒడంబడికకు దిగివచ్చి, సంస్థాన పతాకముతోపాటు కాంగ్రెసు జెండాను ఎగురవేయుటకు ఒప్పుకొనిరి. తుపాకులు గలవారే మెట్టు దిగిరి.

కాబట్టి సంఘము ఈ క్రింది కోరికలను తీర్మానరూపమున పంపవలెనని ప్రతిపాదించుచున్నాము.

మొదటిది: పంటరక్షణ లైసెన్సు అర్జీలను విచారించుటకు జిల్లా అధికారులు ఏడాదికి కొన్నిసార్లయినను పావగడకే రావలెను. పనికూలి పోగొట్టుకొని, మధుగిరి దాటి సుమారు 100 కిలోమీటర్లు తుమకూరునకు మాటిమాటికి తిరుగుట బీదరైతునకు సాధ్యము కాదు. నిరాకరించినచో కారణము వ్రాతమూలముగా ఈయవలెను.

రెండవది: లైసెన్సు పునరుద్ధరణ నోటీసులు, ఎన్నికలవేళ తుపాకి అప్పగింపుమను ఉత్తరువులు కన్నడముతోపాటు తెలుగున కూడ వెలువడవలెను. కన్నడము మన రాజ్యభాష. దానియెడ మనకు గౌరవమే గాని వైరము లేదు. అయినను తెలుగు తప్ప వేరు అక్షరము రాని ముసలిరైతు, నోటీసు చదువలేక గడువు తప్పి దోషి యగుట న్యాయము కాదు. ఫిర్యాదును దేశములోనో రాష్ట్రములోనో వాడుకలోనున్న ఏ భాషయందైనను వ్రాసికొనవచ్చునని రాజ్యాంగపు 350వ అధికరణము చెప్పుచున్నది. ఈ తీర్మానమును మనము తెలుగులోను కన్నడములోను పంపుదము.

మూడవది: అడవిజంతువులవలన కలిగిన పంటనష్టమునకు అటవీశాఖవారి పరిహారము మరుపంట వేయులోపల చేతికి అందవలెను. అది సకాలమున వచ్చినచో తుపాకి అడుగువారు సగమునకు సగము తగ్గుదురు.

నాలుగవది: వోటు అడుగవచ్చిన ప్రతి అభ్యర్థిని, ఏ పార్టీవాడైనను, మన సభ్యులు మూడు ప్రశ్నలు అడుగవలెను. మీ వెంట ఎందరు గన్‌మెన్, ఎవరి ఖర్చు? దొంగ ఆయుధములతో పట్టుబడిన మీ అనుచరునికి సిఫారసు చేయకుందురా? రైతు అర్జీకి జవాబు ఇప్పింతురా? జవాబు విని ఎవరి వోటు వారు వేసికొందురుగాక.

ఈ మాటలు మా వర్తకులలోనే కొందరికి రుచింపవని ఎరుగుదుము. రొక్కము పోగొట్టుకొన్నవాని భయమును మేము తేలికగా చూచుటలేదు. కాని సంఘము పేర పోవు కాగితము పదిమంది క్షేమమును చూడవలెను. విభేదించువారు తప్పక లేచి మాటలాడుడు. వినుటకు సిద్ధముగా ఉన్నాము. అటుపిమ్మట అధ్యక్షులవారు తీర్మానమును వోటునకు పెట్టవలెనని కోరుచున్నాము.